ఒక తిట్టు వెనక

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలపు సైనిక వైద్యుల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నీకు వశమైంది కానీ తీర్పులో తొందరపడ్డావు. రెజిమెంటు సర్జన్లలో చాలామంది పచ్చి మోసగాళ్లని, లంచాలు పుచ్చుకుని లేని జబ్బులు రాసిచ్చి సిపాయిలకు సెలవులు ఇప్పిస్తున్నారని 1776 సెప్టెంబరులో అమెరికా సేనాధిపతి జార్జి వాషింగ్టన్ కాంగ్రెసు (అమెరికా ప్రతినిధుల సభ) అధ్యక్షుడికి రాసిన మాటను మొదట్లోనే పెట్టి, ఆ తర్వాత వ్యాసమంతా దానికి సాక్ష్యాలు ఏరుకుంటూ పోయావు. ఆ ఉత్తరం మొత్తం చదివావా? సర్జన్లను పరీక్షించి మరీ తీసుకోవాలని, వాళ్లను ఆసుపత్రి డైరెక్టరు జనరల్ చెప్పుచేతల్లో ఉంచాలని అడుగుతూ రాసిన చోట వచ్చిన తిట్టు అది. అబద్ధమని అనను, ఒక పని సాధించుకోవడానికి రాసిన మాటని మాత్రం గుర్తుంచుకో. (ఇలా ఉత్తరంలోంచి ఒక్క వాక్యం తుంచుకుని నేనూ ఒకప్పుడు నవ్వులపాలయ్యాను.)

పైవాళ్ల సంగతి ఇంకా చిక్కు. సైనిక ఆసుపత్రుల మొదటి డైరెక్టరు బెంజమిన్ చర్చ్ శత్రువుకు, అంటే బ్రిటిష్ వారికి, గుప్తలిపిలో ఉత్తరం రాసి 1775లోనే పట్టుబడ్డాడు. తర్వాత వచ్చిన జాన్ మోర్గాన్‌ను 1777 జనవరిలో తొలగించారు. అతని తప్పేమీ లేదని కాంగ్రెసు 1779లో ఒప్పుకుంది. అతని స్థానంలోకి వచ్చిన విలియం షిపెన్ 1780లో సైనిక విచారణ ఎదుర్కొని, నిర్దోషిగా బయటపడి, మరుసటి ఏడాది రాజీనామా చేశాడు. మోర్గాన్, షిపెన్‌ల వైరం ఫిలడెల్ఫియా వైద్య కళాశాల నాటిది. కాబట్టి ఆ సైనిక వైద్య శాఖ గురించి మనకు దొరికే కాగితాల్లో చాలా భాగం ఒకరినొకరు దింపుకోవడానికి రాసుకున్నవే.

వీటన్నిటికీ దూరంగా, 1777 అక్టోబరులో సరటోగా యుద్ధం ముగిశాక ఆల్బనీ ఆసుపత్రిలో అమెరికా సైనిక వైద్యుడు జేమ్స్ థాచర్ రాసుకున్న దినచర్య ఉంది. వయసు ఇరవై మూడు. ఊళ్లో వెయ్యిమంది దాకా క్షతగాత్రులు, రోగులు. వాళ్లకు ముప్పైమంది సర్జన్లు, సహాయకులు. డచ్చి వారి చర్చి కూడా ఆసుపత్రి అయిపోయింది. ఉదయం ఎనిమిదింటి నుంచి రాత్రి పొద్దుపోయేదాకా కాళ్లూ చేతులూ తీసేయడం, పగిలిన పుర్రెలకు చికిత్స చేయడం, గాయాలకు కట్లు కట్టడం. శత్రువుల క్షతగాత్రులకూ అదే కప్పు కింద అదే సేవ. అంతటి ఘోరం మధ్య, వృత్తి నేర్చుకోవడానికి ఇది మంచి చోటని రాసుకుంటాడు. తమ క్షతగాత్రులను చూసుకుంటున్న బ్రిటిష్ సర్జన్ల చేతి నేర్పును మెచ్చుకుని, బ్రిటిష్ పక్షాన వచ్చిన జర్మన్ సర్జన్లలో కొందరంత మొరటు చేతులు తానెన్నడూ చూడలేదంటాడు. తోటి వృత్తివాడి చెయ్యి చూసి ఇచ్చిన తీర్పు అది. నీ వ్యాసంలో అలాంటిది ఒక్కటీ లేదు.

అదే సైన్యంలో వైద్యుడు జేమ్స్ టిల్టన్‌నూ వదలకు. ఆసుపత్రి జ్వరం (కిక్కిరిసిన ఆసుపత్రుల్లో వ్యాపించే టైఫస్) తనకే సోకి బతికి బయటపడ్డవాడు. మోరిస్‌టౌన్‌లో ఆ జ్వరం పాకకుండా దుంగలతో గుడిసెలు కట్టించి, మట్టినేల మధ్య నిప్పు వేయించి, పొగ కప్పు మీది సందులోంచి పోయేలా ఏర్పాటు చేశాడు.

థాచర్ రోజుతో మొదలుపెట్టి తిరగరాయి. వాషింగ్టన్ తిట్టును తీసేయమనను. దాని ముందూ వెనకా ఉన్న మాటలతో కలిపి నడుమ ఎక్కడైనా పెట్టు. పండగలోగా పంపితే తీరిగ్గా చూస్తాను.

నీ శ్రేయోభిలాషి