కంట్లో వడ్ల నూగు పడితే: ఆసుపత్రికి వెళ్లాలా?

ఒడిశాలోని పర్లాకిమిడి వైపు నుంచి ఒకరు అడిగారు: నిన్న నూర్పిళ్లలో కంట్లో వడ్ల నూగు పడింది, కడిగినా గరగర పోలేదు, ఆసుపత్రికి వెళ్లాలా అని. నూగు ముక్క పై రెప్ప లోపల అతుక్కుని ఉండొచ్చు, లేదా నల్లగుడ్డు మీద గీరుకుని ఉండొచ్చు. కడిగినా గరగర పోలేదన్నారు కాబట్టి ఇక ఆగకండి. చూపు బాగున్నా ఇవాళే చూపించుకోండి.

1. నలపొద్దు.

2. చాలామంది వదిలేసేది ఇదే: బాగున్న కన్ను అరచేత్తో మూసి, గోడ మీది క్యాలెండర్ అంకెలు చదవండి. రెండూ తెరిచి చూస్తే మంచి కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది. మసకగా ఉన్నా, వెలుగు భరించలేకపోయినా, నల్లగుడ్డు మీద తెల్లచుక్క కనిపించినా గంట కూడా ఆగొద్దు.

3. ఇంట్లో మిగిలిన చుక్కల మందు వేయొద్దు. నూగు గీరిన చోట ఫంగస్ (బూజు) చేరి పుండు పడొచ్చు; చుక్కల్లో స్టెరాయిడ్ (వాపు తగ్గించే మందు) ఉంటే ఆ పుండు ముదురుతుంది. మా వైపు కంట్లో చనుబాలు పిండుతారు, అదీ వద్దు.

పర్లాకిమిడిలోని జిల్లా ఆసుపత్రికి వెళ్లండి. పెద్ద డాక్టరు కావాలంటే బరంపురం మెడికల్ కాలేజీ. పడింది వడ్ల నూగని తప్పకుండా చెప్పండి.