ఉరిమిందంటే మేడ దిగిపో

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

మధురవాడలో ఇల్లు దొరికిందని, పై అంతస్తు నుంచి సముద్రం కనబడుతుందని మీ అమ్మ చెప్పింది. సంతోషం. చిన్నప్పటి నుంచీ అనంతపురంలో పెరిగినదానివి కదా, విశాఖ ఆకాశం సంగతి నాలుగు ముక్కలు రాయాలనిపించింది.

ఇక్కడివాళ్లకి తుఫానంటే భయం ఉంది, పిడుగంటే లేదు. హుద్‌హుద్ చూసినవాళ్లు వాయుగుండం మాట వినగానే పాలపాకెట్లకీ కొవ్వొత్తులకీ పరుగెడతారు. వాళ్లే ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుముతుంటే మేడ మీద నిలబడి వీడియోలు తీస్తారు. తుఫాను రోజుల ముందే పేరు పెట్టించుకుని మరీ వస్తుంది. పిడుగుకి అంత మర్యాద లేదు.

ఉరుము వినబడిందంటేనే పిడుగు నీదాకా రాగలదని అర్థం. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లకి సుమారు ఒక కిలోమీటరు దూరం. కానీ లెక్కలు వేస్తూ బయట నిలబడకు, వాన ఇంకా పడకపోయినా లోపలికి వచ్చెయ్. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి బయటికి వెళ్లు. వాన తగ్గిందని వెంటనే బయటపడ్డప్పుడే చాలామంది దెబ్బతింటారు.

మీ ఆడవాళ్లతో నాకున్న పేచీ ఒకటే: ఆరేసిన బట్టలు. మబ్బు పట్టగానే తెచ్చుకోండి, కాదనను. ఉరుములు మొదలయ్యాక మాత్రం మేడెక్కొద్దు. ఊరంతటికీ ఎత్తైన చోట, ఇనప తీగ పట్టుకుని నిలబడటం కంటే ప్రమాదం ఏముంటుంది? తడిస్తే మళ్లీ ఉతుక్కోవచ్చు. బిల్డింగ్ మీద పిడుగు కడ్డీ ఉందని వాచ్‌మన్ చెబుతాడు. అది కాపాడేది కట్టడాన్ని, మేడ మీదున్న మనిషిని కాదు. మీ నాయనమ్మ ఉరిమినప్పుడల్లా ‘అర్జున ఫల్గుణ’ అనుకునేది. నువ్వూ అనుకో, గదిలో కూర్చుని.

టీవీ, ఫ్రిజ్ ప్లగ్గులు మబ్బు పట్టినప్పుడే తీసెయ్, నెత్తిన ఉరుముతుంటే వాటి జోలికి పోవద్దు. స్నానం, అంట్లు తర్వాత చూసుకోవచ్చు, కుళాయి గొట్టాల గుండా కూడా కరెంటు వస్తుంది. సెల్‌ఫోన్ పిడుగుని లాగుతుందన్నది ఉత్తమాట. ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ పట్టుకోవడమే తప్పు.

అల్లుడు రుషికొండ ఆఫీసు నుంచి బండి మీద వస్తాడన్నావు. దారిలో పట్టుకుంటే చెట్టు కింద ఆగొద్దని చెప్పు, రేకుల షెడ్డులోనూ వద్దు. ఏ అపార్ట్‌మెంటు సెల్లారులోనో దూరమను. అద్దాలు మూసిన కారు కూడా నయమే. ఎవరికైనా పిడుగు తగిలితే ఒంట్లో కరెంటుంటుందని జనం ముట్టుకోరు. ఉండదు. ఊపిరి ఆడకపోతే ఛాతీ నొక్కుతూ 108కి ఫోన్ చేయించాలి.

ఫోన్లో దామిని యాప్ పెట్టుకో. పుణెలో ఉన్న కేంద్ర వాతావరణ పరిశోధన సంస్థవాళ్లు చేసింది, దగ్గర్లో పిడుగులు పడుతుంటే చెబుతుంది. విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల పేర్లతో పంపే మెసేజీలు కూడా చదవకుండా చెరిపేయకు.

ఇక తుఫాను. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పోర్టులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారో పేపర్లో చూస్తూ ఉండు. పదకొండు పదికంటే పెద్దదనుకునేవు, కాదు. పది అంటే తుఫాను పోర్టు మీదుగానో, బాగా దగ్గరగానో దాటబోతోందని. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కన్ను, అంటే తుఫాను నడిమధ్య గాలి నెమ్మదించే చోటు, సరిగ్గా మన ఊరి మీదుగానే దాటింది. హోరుగాలి ఉన్నట్టుండి ఆగింది, తుఫాను పోయిందనుకుని జనం రోడ్ల మీదికొచ్చారు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. కాబట్టి మధ్యలో అంతా సద్దుమణిగినా, దాటిపోయిందని రేడియోలో చెప్పేదాకా తలుపు తీయకు. గాజు కిటికీల దగ్గర కాకుండా లోపలి గదిలోనో, నడవలోనో ఉండండి. తర్వాత కూడా తెగిపడ్డ తీగల్ని, వాటిని తాకుతున్న నీళ్లని దాటొద్దు.

హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఏటీఎంలు పనిచేయలేదు, పెట్రోలు బంకుల ముందు క్యూలే క్యూలు. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే పై అంతస్తుకి నీళ్లెక్కవు, లిఫ్టూ ఉండదు. అందుకని ట్యాంకు, బిందెలు, బకెట్లు ముందే నింపు. కొంత నగదు, టార్చిలైటు, పిల్లాడి మందులు ఒక సంచిలో పెట్టు.

బాల్కనీలో పూలకుండీలు బోలెడు పెట్టావట. గాలికి కిందవాళ్ల నెత్తిన పడేవి అవే. వచ్చే ఆదివారం మీ పెద్దమ్మా నేనూ వస్తాం, ఏవి లోపలికి జరపాలో చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న