ఫ్యాన్ తిరుగుతోంది, మానిటర్‌లో ‘నో సిగ్నల్’: పాత డెస్క్‌టాప్‌లో బోర్డు పోయినట్టేనా?

ప్రశ్న: 2010లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్. డ్యూయల్ కోర్ ప్రాసెసర్, జీ41 మదర్‌బోర్డు, 1 జీబీ డీడీఆర్2 ర్యామ్‌లు రెండు. వానాకాలమంతా తాళం వేసిన ఇంట్లో ఉండిపోయింది. ఇప్పుడు బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతాయి, మానిటర్‌లో మాత్రం ‘నో సిగ్నల్’. బీప్ లేదు. షాపుకు ఫోన్ చేస్తే బోర్డు పోయి ఉంటుందన్నారు. ఇంట్లో ఏమైనా చూసుకోవచ్చా?

జవాబు: చూసుకోవచ్చు. ఫోన్లో విని బోర్డు పోయిందని చెప్పడం కుదరదు. వాడకుండా నెలల తరబడి ఉంచిన మెషిన్‌లో ఈ లక్షణం కనిపిస్తే ముందు ర్యామ్ కాంటాక్టులను, తర్వాత ఎస్‌ఎంపీఎస్‌ను, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టెను, అనుమానించాలి. బోర్డు వంతు ఆ తర్వాతే.

కేబినెట్ విప్పకముందే ఒక పరీక్ష. మెషిన్ ఆన్ చేసి అర నిమిషం ఆగి, కీబోర్డు మీద నమ్ లాక్ నొక్కండి. నొక్కినప్పుడల్లా లైటు వెలిగి ఆరుతుంటే లోపల అంతా నడుస్తోందన్నమాట, తేడా డిస్‌ప్లే వైపే ఉంది. మానిటర్‌కి వెళ్లే వీజీఏ కేబుల్ రెండు చివర్లా స్క్రూలు బిగించండి, పిన్ను ఏదైనా వంగిందేమో చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే తీసేసి, కేబుల్‌ని బోర్డు మీది పోర్టుకే పెట్టండి. జీ41లో డిస్‌ప్లే బోర్డు మీది ప్రధాన చిప్పులోనే (చిప్‌సెట్) ఉంటుంది కాబట్టి కార్డు అవసరం లేదు. అలాగే యూపీఎస్‌ని పక్కన పెట్టి నేరుగా గోడ ప్లగ్గు నుంచి కరెంటు ఇవ్వండి. బ్యాటరీ చచ్చిన యూపీఎస్ కూడా చాలా అయోమయం సృష్టిస్తుంది.

నమ్ లాక్ స్పందించకపోతే మెషిన్ విప్పాల్సిందే. గోడ దగ్గర స్విచ్ ఆపి, పవర్ కార్డు పూర్తిగా లాగేసి, ముందున్న బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకోండి. మిగిలిన చార్జి దిగిపోతుంది. కేబినెట్ ఇనుము భాగాన్ని ఒకసారి చేత్తో తాకి పని మొదలుపెట్టండి.

ర్యామ్‌లు రెండూ తీయండి. బంగారు రంగు కాంటాక్టులను పిల్లలు వాడే మెత్తటి తెల్ల రబ్బరుతో రెండు వైపులా నెమ్మదిగా రుద్దండి. ఇంకు చెరిపే గరుకు రబ్బరు వద్దు, పైనున్న పల్చటి బంగారు పూత లేచిపోతుంది. రబ్బరు పొడి స్లాటులో పడకుండా దూరంగా కూర్చుని రుద్దండి. స్లాటులను పొడి పెయింట్ బ్రష్‌తో దులపండి. మొబైల్ రిపేరు షాపుల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటే బ్రష్‌కి కొంచెం అద్దుకుని తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. శానిటైజర్ వాడొద్దు, అందులో నీళ్లు, జిగురు పదార్థాలు ఉంటాయి. ఇప్పుడు ఒక్క ర్యామ్ మాత్రమే పెట్టండి. గాడి సరిచూసుకుని, రెండు పక్కల క్లిప్పులూ టక్కున పడేదాకా నొక్కాలి. స్క్రీన్ రాకపోతే అదే ర్యామ్‌ని రెండో స్లాటులో, తర్వాత రెండో ర్యామ్‌ని రెండు స్లాటుల్లోనూ పెట్టి చూడండి. మొత్తం నాలుగు ప్రయత్నాలు. విసుగొచ్చి రెండింటితో ఆపేసేవాళ్లే ఎక్కువ. మార్చిన ప్రతిసారీ పవర్ కార్డు లాగడం మాత్రం మరవొద్దు.

బీప్ లేదన్నారు కదా, అసలు స్పీకర్ ఉందా? చాలా కేబినెట్లలో ఉండదు. బోర్డు మీద స్పీకర్ అని రాసి ఉన్న నాలుగు పిన్నులకు పెట్టే చిన్న బజర్ దొరుకుతుంది, చాలా చవక. అది పెట్టి, ర్యామ్‌లు రెండూ తీసేసి ఆన్ చేయండి. బోర్డు బీప్‌లతో గోల చేసిందంటే బోర్డు, ప్రాసెసర్ రెండూ బతికే ఉన్నాయి, ర్యామ్ లేదని చెప్తున్నాయి. బోర్డు పోయిందన్న మాట తేల్చడానికి ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు.

ర్యామ్ లేకపోయినా మౌనంగానే ఉంటే ఎస్‌ఎంపీఎస్ చూడాలి. ముందు ప్రాసెసర్ పక్కనుండే నాలుగు పిన్నుల కనెక్టర్, అంటే రెండు పసుపు, రెండు నలుపు వైర్లున్నది, గట్టిగా కూర్చుందా? అది ఊడితే ఫ్యాన్లు హాయిగా తిరుగుతాయి, ప్రాసెసర్‌కి మాత్రం కరెంటు అందదు. తర్వాత మల్టీమీటర్‌ని 20 వోల్టుల డీసీలో పెట్టి, కనెక్టర్లు బోర్డుకి ఉండగానే, మెషిన్ ఆన్ చేసి, నల్ల ప్రోబ్ నల్ల వైరుకి ఆనించి, ఎర్ర ప్రోబ్‌ని వెనక వైపు నుంచి వైర్ల పక్కన దించి కొలవండి. పక్క పిన్నుకి తగలకుండా జాగ్రత్త. పసుపు 11.4 నుంచి 12.6, ఎరుపు 4.75 నుంచి 5.25, ఆరెంజ్ 3.14 నుంచి 3.47 వోల్టుల మధ్య ఉండాలి. బోర్డు నుంచి విడదీసి, ఆకుపచ్చ వైరుని నల్ల వైరుతో పేపర్ క్లిప్పు పెట్టి కలిపి ఫ్యాన్ తిరిగిందని సంబరపడటం చూస్తుంటాం. అది ఎస్‌ఎంపీఎస్ పూర్తిగా చావలేదని మాత్రమే చెప్తుంది. లోడు పడితే వోల్టేజి కుంగుతుందో లేదో చెప్పదు.

బూడిద రంగు వైరు కూడా కొలవండి. మిగతా వోల్టేజీలు కుదురుకున్నాక ఎస్‌ఎంపీఎస్ ఆ వైరు మీద సుమారు 5 వోల్టులు పంపి ‘కరెంటు బాగుంది’ అని బోర్డుకి చెప్తుంది. ఆ సంకేతం రాకపోతే ప్రాసెసర్ రీసెట్‌లోనే, అంటే పని మొదలుపెట్టకుండా, ఉండిపోతుంది. ఫ్యాన్లు తిరుగుతూ స్క్రీన్ రాకపోవడానికి ఇదొక కారణం. పక్కింటి మెషిన్‌లోని ఎస్‌ఎంపీఎస్ తెచ్చి మార్చి చూడగలిగితే ఈ కొలతలేవీ అక్కర్లేదు. తెచ్చినదానికి వెనక 115/230 స్విచ్ ఉంటే 230 మీదే ఉందో లేదో ముందు చూడండి, లేకపోతే ఢాంమంటుంది. ఎస్‌ఎంపీఎస్ పెట్టె మాత్రం విప్పొద్దు. లోపల బల్లి చచ్చి పడున్నా సరే. కరెంటు తీసేశాక కూడా అందులోని పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

అదీ బాగుంటే టార్చి పట్టుకుని ప్రాసెసర్ చుట్టూ ఉండే చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లు చూడండి. తల చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమ రంగు పొక్కు కనిపించినా అది పోయినట్టే. 1000 మైక్రోఫారడ్, 6.3 వోల్టులదైతే అదే కెపాసిటీ, అదే లేదా కాస్త ఎక్కువ వోల్టేజి, 105 డిగ్రీలది, లో ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం తక్కువుండే) రకం వేయించాలి. తీసేముందు ఫోటో తీసి, మైనస్ గీత ఎటుందో గుర్తుపెట్టుకోవాలి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో ఇది తెమలదు. బోర్డులోని రాగి పొరలు వేడిని లాగేస్తాయి. టీవీ రిపేరు చేసే మనిషి చేతిలో పెట్టడం నయం.

సీమాస్ బ్యాటరీ, అంటే తేదీ, సెట్టింగులు నిలిపి ఉంచే సీఆర్2032 బిళ్ల, ఎలాగూ మార్చేయండి. చాలా బోర్డులు అది లేకపోయినా ఆన్ అవుతాయి కాబట్టి అసలు దొంగ అది కాకపోవచ్చు. కానీ పాత బిళ్ల అయిపోతే తేదీ వెనక్కి పోయి, బ్రౌజర్‌లో ప్రతి సైటూ సురక్షితం కాదని మొండికేస్తుంది. తీసిన చేత్తోనే, పవర్ కార్డు లాగి ఉండగా, సీమాస్ క్లియర్ పిన్నులను పది సెకన్లు కలపండి.

ప్రాసెసర్‌ని మాత్రం చివరిదాకా కదపొద్దు. ఈ తరం సాకెట్ 775లో పిన్నులు ప్రాసెసర్‌కి కాదు, బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి. వేలు తగిలి వంగాయంటే అప్పటిదాకా బతికున్న బోర్డు అప్పుడు నిజంగానే పోతుంది.

ఇన్ని చేసినా ఉలుకూ పలుకూ లేకపోతే హార్డ్ డిస్క్ తీసి ఫోటోలు బయటపెట్టుకోండి. డిస్క్‌కుండే సాటా కనెక్టర్ నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ కొనేటప్పుడు 12 వోల్టుల ప్రత్యేక చార్జర్ ఉన్నదే అడగండి. ల్యాప్‌టాప్ డిస్క్‌ల కోసం వచ్చే ఒంటి కేబుల్‌తో డెస్క్‌టాప్ డిస్క్ తిరగదు. బోర్డు కొత్తది వేస్తామని ఎవరైనా ధర చెప్తే, అందులో ర్యామ్, ప్రాసెసర్ కలిసి ఉన్నాయేమో అడగండి. మీ డీడీఆర్2 ముక్కలు ఈనాటి బోర్డులకు పట్టవు.