కాల్షియం సీసా పక్కన పెట్టరా

అల్లుడూ,

కుక్కపిల్ల ఫొటో చూశాను. ముద్దుగా ఉంది గానీ, మూడు నెలల లాబ్రడార్‌కి ఆ పొట్టేంట్రా? అక్కయ్య దగ్గరుండి మేపుతున్నట్టుంది.

ముందు షాపువాడు అంటగట్టిన ఆ కాల్షియం సిరప్ ఆపెయ్. పెద్ద జాతి కుక్కపిల్లలకి కాల్షియం తక్కువైతే ఎంత చేటో ఎక్కువైనా అంతే. ఎదిగిన కుక్క పేగులు అక్కర్లేని కాల్షియాన్ని చాలావరకు వదిలేస్తాయి. ఆరు నెలల్లోపు పిల్లకి ఆ అదుపు ఉండదు, పోసిన కొద్దీ ఒంట్లోకి ఎక్కుతుంది. ఎముకల చివర మృదులాస్థి సరిగ్గా ఎముకగా మారక కీళ్లు దెబ్బతింటాయి. 'లార్జ్ బ్రీడ్ పప్పీ' అని రాసున్న మంచి ఫుడ్ కొను. అందులో కాల్షియం, ఫాస్ఫరస్ సరైన పాళ్లలోనే ఉంటాయి.

అలాగని ఉత్త చికెన్, అన్నంతో పెంచుదామనుకోకు. మాంసంలో ఫాస్ఫరస్ దండి, కాల్షియం దాదాపు సున్నా. అప్పుడు ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. కాళ్లు వంకర్లు పోతాయి, సోఫా మీంచి దూకినా విరగొచ్చు. ఇంటి తిండే పెట్టాలనుంటే పశువుల డాక్టరుతో కొలతలు రాయించుకో. ఎండలో కట్టేస్తే డి విటమిన్ వస్తుందని అక్కయ్య అంటుంది చూడు, అది మనుషుల సంగతి. కుక్కకి తిండిలోంచే రావాలి.

బొద్దుగా ఉంటేనే ఆరోగ్యమనే మాట మాత్రం ఇంట్లో ఎవరన్నా ఒప్పుకోకు. అమెరికాలో 48 లాబ్రడార్లని చిన్నప్పట్నుంచి చచ్చిపోయేదాకా గమనించారు. సగం వాటికి తోటివాటికన్నా 25 శాతం తక్కువ పెట్టారు. అవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్లనొప్పులూ ఆలస్యంగా వచ్చాయి. రోజూ ఫుడ్డు తూచి పెట్టు. వారానికోసారి దాని పక్కటెముకల మీద అరచేతులు ఆనించి నిమురు. మన చేతి వెనక వైపు తడిమితే ఎముకలు ఎలా తగులుతాయో, అలా తెలియాలి. వెతుక్కోవాల్సి వస్తే తిండి తగ్గించు.

మీ హాల్లో మార్బుల్ మీద జారుతుంటే పాత గోనెపట్టాలు పరుచు. మేడ మెట్లు ఇప్పుడప్పుడే వద్దు, ఎత్తుకుని దింపు. బండి వెనక పరిగెత్తించే సరదా ఏడాదిన్నర దాకా మర్చిపో.

కుంటితే మన మాత్రలు మాత్రం వేయకు, పారాసెటమాల్ అయినా సరే. నడక వీడియో తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లు. అక్కడికెళ్లాక భయానికి కుంటడం మానేసే గడుసువి ఉంటాయి.

మామయ్య