కాంపోజిషన్ అంటే గ్రామర్ క్లాసే కదా అనుకుని వస్తున్నవాళ్ళకి

ఈమధ్య ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది, "అక్కా, టోఫెల్‌లో మంచి స్కోరే వచ్చింది, చిన్నప్పట్నించీ ఇంగ్లీష్ మీడియమే, అయినా కాంపోజిషన్ మొదటి పేపర్‌కి సి ఇచ్చారు, గ్రామర్ తప్పు ఒక్కటి కూడా చూపించలేదు, చివర్లో 'సో వాట్?' అని మాత్రం రాశారు, నేనేం చెయ్యాలి" అని. కాంపోజిషన్ అంటే అమెరికా కాలేజీల్లో మొదటి ఏడాది దాదాపు అందరూ చెయ్యాల్సిన వ్యాసరచన కోర్సు. ప్రతి ఫాల్ సెమిస్టర్లోనూ అక్టోబర్ దగ్గరపడేసరికి ఇలాంటి మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి, బ్యాచిలర్స్‌కి వచ్చిన పిల్లల దగ్గర్నుంచీ, హెచ్4 (హెచ్1బి ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీద వచ్చి కమ్యూనిటీ కాలేజీలో చేరినవాళ్ళ దగ్గర్నుంచీ కూడా. నేను కొన్నాళ్ళు ఒక కాలేజీ రైటింగ్ సెంటర్లో, అంటే పిల్లలు తమ పేపర్లు పట్టుకొచ్చి సాయం అడిగే చోట, ట్యూటర్‌గా చేశాను కాబట్టి రెండు వైపులా చూశాను, అందుకే అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నా, కొంచెం పొడుగవుద్ది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ అమ్మాయికి చెప్పిందే మీకూ చెప్తా, ఆ 'సో వాట్' తిట్టు కాదు. "నువ్వు చెప్పింది అర్థమైంది, కానీ ఇది ఎందుకు పట్టించుకోవాలో నాకు చెప్పలేదు" అని దాని అర్థం. అంటే మీ ఇంగ్లీష్ బాగానే ఉంది, పేపర్లో మీరు కనపడట్లేదు. ఈ కోర్సంతా దాని గురించే.

టెక్సాస్‌లో చేరితే దీన్ని ఇంగ్లీష్ 1301 అంటారు, దాని తర్వాతది 1302. జార్జియాలో 1101, 1102. ఫ్లోరిడాలో ఈఎన్‌సీ 1101. నంబర్ ఏదైనా సరుకు ఒకటే, కంప్యూటర్ సైన్స్ అయినా నర్సింగ్ అయినా చాలావరకు దీన్ని దాటకుండా డిగ్రీ రాదు. ఇంకో సంగతి, ఇది మనలాంటి బయటినుంచి వచ్చినవాళ్ళ కోసం పెట్టింది కాదు. హార్వర్డ్‌లో 1885లో మొదటి సంవత్సరం పిల్లలకి ఈ రకం కోర్సు పెట్టారు, ఎందుకంటే ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళకే సరిగ్గా రాయడం రావట్లేదని వాళ్ళ గోల. కాబట్టి క్లాసులో పక్కన కూర్చున్న అమెరికన్ కుర్రాడు గడగడా మాట్లాడుతున్నాడని కంగారు పడకండి, పేపర్ దగ్గరకొచ్చేసరికి అతనూ మీరూ దాదాపు ఒకే చోట ఉంటారు.

మనవాళ్ళకి అసలు చిక్కు వచ్చేది రివిజన్ దగ్గర. మనకి ఇంటర్ దాకా వ్యాసం అంటే ఒక్కసారి కూర్చుని రాసేసి ఇచ్చేసేదే, బాగుంటే మార్కులు, లేకపోతే లేదు, దాన్నే మళ్ళీ రాయడం అనేది ఒకటుంటుందని కూడా తెలీదు. ఇక్కడ డ్రాఫ్ట్ ఇచ్చి కామెంట్స్ రాసి మళ్ళీ రాయమంటారు, మనం ఏం చేస్తాం, ఫైల్ ఓపెన్ చేసి ఎర్రగీతలు సరిచేసి, రెండు మూడు పెద్ద పదాలు ఇరికించి మళ్ళీ సబ్మిట్ కొట్టేస్తాం, గ్రేడ్ మారలేదని ఏడుస్తాం. 1980లో నాన్సీ సోమర్స్ అనే రైటింగ్ టీచరమ్మ కాలేజీ మొదటి ఏడాది పిల్లలు ఎలా దిద్దుకుంటారు, బాగా అనుభవమున్న రచయితలు ఎలా దిద్దుకుంటారు అని పక్కపక్కన పెట్టి చూసింది. పిల్లలు పదాలు మార్చుకుంటూ కూర్చున్నారు, అనుభవమున్నవాళ్ళు నేను అసలు ఏమంటున్నాను అని వాదన మొత్తాన్ని తిరగేసి చూసుకున్నారు. ఇన్నేళ్ళయినా రైటింగ్ సెంటర్లో నేను రోజూ చూసింది అదే.

ఒక ఉదాహరణ చూద్దాం, లేకపోతే ఇది గాల్లో మాటలాగే ఉంటుంది. క్లాసుకి వచ్చినందుకు మార్కులు ఇవ్వాలా వద్దా అని టాపిక్ అనుకోండి. మన మొదటి డ్రాఫ్ట్‌లో థీసిస్, అంటే పేపర్ మొత్తం నిలబెట్టాల్సిన అసలు వాదన, ఇలా ఉంటుంది, "అటెండెన్స్‌కి మార్కులు ఇవ్వడంలో లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి." దీంతో ఎవడూ గొడవ పడడు, అదే దీని జబ్బు. ఎవరూ కాదనలేని వాక్యానికి నాలుగు పేజీలు దేనికి? సరే అని రెండోసారి ఒక పక్షం పట్టుకుంటాం, "అటెండెన్స్‌కి మార్కులు ఇవ్వకూడదు, ఎందుకంటే కాలేజీ పిల్లలు పెద్దవాళ్ళు." కొంచెం నయం, కానీ చదివేవాళ్ళు వెంటనే అడుగుతారు, మరి డిస్కషన్ మీదే నడిచే క్లాసుకి సగంమంది రాకపోతే వచ్చినవాళ్ళ గతేంటి అని. ఆ ప్రశ్నకి భయపడి పక్కకి నెట్టెయ్యకుండా దాన్నే లోపలికి తెచ్చుకుంటే మూడో డ్రాఫ్ట్ ఇలా మారుతుంది: "ఒకరి మాట ఇంకొకరికి పనికొచ్చే డిస్కషన్ క్లాసుల్లో అటెండెన్స్‌కి మార్కులు సబబే, లెక్చర్ రికార్డింగ్ ఇచ్చేసే పెద్ద క్లాసుల్లో మాత్రం ఆ మార్కులు రాత్రి షిఫ్టులు చేసి చదువుకునేవాళ్ళకి వేసే జరిమానా." ఇప్పుడు చూడండి, ఇందులో ఒక మనిషి ఉన్నాడు, ఒక షరతు ఉంది, కాదనేవాళ్ళు ఎక్కడ కాదంటారో కూడా కనిపిస్తోంది. మూడింట్లోనూ ఇంగ్లీష్ స్థాయి ఒకటే, ఆలోచనే పెరిగింది. పైగా ఇది మూడో డ్రాఫ్ట్‌కి గానీ రాదు, మొదటిరోజే కూర్చుని దీన్ని ఆలోచించేద్దాం అంటే కుదరదు, మొదటి రెండూ రాస్తేనే ఇది తడుతుంది. అందుకే డెడ్‌లైన్ ముందురోజు రాత్రి మొదలుపెట్టేవాళ్ళకి ఈ కోర్సులో ఎంత తెలివున్నా బి దాటడం కష్టం.

థీసిస్ మారితే కింద పేరాలు కూడా మారాలి, ఇక్కడ చాలామంది ఆగిపోతారు, పైన కొత్త థీసిస్, కింద పాత పేరాలు. దీనికి నేను అందరితో చేయించే పని ఒకటుంది, రివర్స్ అవుట్‌లైన్ అంటారు. రాసేసిన డ్రాఫ్ట్ తీసుకుని ప్రతి పేరా పక్కన ఆ పేరా ఏం చెప్తోందో ఒక్క ముక్కలో రాయండి, తెలుగులో రాసుకున్నా పర్లేదు, తెలుగులో అయితే ఇంకా మంచిది, దాక్కోడానికి చోటుండదు. రాయడం కుదరకపోతే ఆ పేరాలో విషయం లేదన్నమాట. రెండు పేరాల పక్కన ఒకే ముక్క వస్తే ఒకటి తీసెయ్యండి. ఇక మనవాళ్ళ ఇంట్రడక్షన్లు, మానవజాతి పుట్టినప్పట్నించీ మొదలుపెట్టి మెల్లిగా టాపిక్ దగ్గరకొస్తారు, చాలా పేపర్లలో మొదటి పేరా మొత్తం కొట్టేస్తే రెండో పేరాలో అసలు పేపర్ మొదలవుద్ది, ఒకసారి ట్రై చేసి చూడండి.

ఆఫీస్ అవర్స్‌కి, అంటే ప్రొఫెసర్ పిల్లల్ని కలవడానికి పెట్టుకునే టైముకి, వెళ్ళండి. సార్‌ని ఇబ్బంది పెడతామేమో అని మనం వెళ్ళం, కానీ ఆ టైము సిలబస్‌లో రాసి పెట్టేదే మీకోసం. వెళ్ళి "నా పేపర్ ఎలా ఉంది" అని అడగొద్దు, "మూడో పేరాలో ఈ ఉదాహరణ నా వాదనకి సరిపోతోందా లేక పక్కకి లాగుతోందా" అని అడగండి, పది నిమిషాల్లో తేలిపోద్ది. గ్రేడ్ పెంచమని మాత్రం అడక్కండి, మీరు ఎంత మర్యాదగా అడిగినా సంభాషణ అక్కడితో ఐపోతుంది. రైటింగ్ సెంటర్ కూడా అంతే, చాలా కాలేజీల్లో ఫ్రీ, మనవాళ్ళు వచ్చి ల్యాప్‌టాప్ మా ముందు పెట్టి "గ్రామర్ దిద్దిపెట్టండి" అంటారు, మేం దిద్దం, దిద్దకూడదు కూడా. అసైన్‌మెంట్ షీట్, ప్రొఫెసర్ కామెంట్స్ రెండూ పట్టుకుని, సబ్మిషన్‌కి నాలుగైదు రోజుల ముందు రండి, గంట ముందు వస్తే మేం చేయగలిగింది ఏమీ ఉండదు.

పీర్ రివ్యూలో, అంటే క్లాసులో ఒకరి డ్రాఫ్ట్ ఒకరు చదివి కామెంట్ రాసేదాంట్లో, మనం మరీ మంచివాళ్ళం, పక్కవాడి పేపర్ మీద "గుడ్, నైస్ పాయింట్స్" అని రాసి ఇచ్చేస్తాం. వాడికేం లాభం? "నువ్వు చెప్పేది ఇది అని నాకు అర్థమైంది, కానీ రెండో పేజీలో దానికి ఉల్టాగా అన్నట్టు అనిపించింది" అని రాస్తే చాలు, తప్పొప్పులు తేల్చే పని మీది కాదు. ఇంకో లాభం ఏంటంటే వేరేవాళ్ళ పేపర్లో కన్నం కనిపెట్టడం అలవాటైతే సొంత పేపర్లో కన్నం కూడా కనపడ్డం మొదలవుద్ది, నాకైతే కోర్సు మొత్తంలో పిల్లలు ఎక్కువ ఎదిగేది ఇక్కడే అనిపిస్తుంది, ప్రొఫెసర్ కామెంట్స్ కన్నా కూడా.

ఇప్పుడు భయపెట్టే విషయం, సోర్సులు. కోట్స్ పెట్టకుండా వాక్యం తీసుకుంటే కాపీ అని అందరికీ తెలుసు. తెలియంది ఏంటంటే, అసలు వాక్యం అలాగే ఉంచి నాలుగు పదాలు మార్చి పెట్టినా చాలా చోట్ల ప్లేజియరిజమ్ కిందకే వస్తుంది, పేరు పక్కన ఇచ్చినా సరే. మనం కావాలని చెయ్యం, ఆ ఇంగ్లీష్ అంత బాగున్నప్పుడు నేను మార్చడం ఏంటి అని భయం. మందు ఒకటే, సోర్స్ చదివి, ట్యాబ్ మూసేసి, అందులో ఏముందో ఎవరికో ఫోన్‌లో చెప్తున్నట్టు రాసి, తర్వాత తెరిచి విషయం సరిగ్గా వచ్చిందా చూసుకుని సైటేషన్ (ఎక్కడ నుంచి తీసుకున్నారో చెప్పే వివరం) పెట్టండి. ఆ సైటేషన్ రాసే పద్ధతుల్లో ఇంగ్లీష్ క్లాసుల్లో ఎక్కువగా ఎంఎల్ఏ అనేది అడుగుతారు, ఇప్పుడు నడిచేది 2021లో వచ్చిన తొమ్మిదో ఎడిషన్, సైకాలజీ లాంటివాటిల్లో ఏపీఏ. పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ళ ఆన్‌లైన్ రైటింగ్ ల్యాబ్‌లో రెండిటికీ నమూనాలు ఫ్రీగా ఉంటాయి. టర్నిటిన్‌లో (పేపర్‌ని వేరే రాతలతో పోల్చి చూసే సాఫ్ట్‌వేర్) వచ్చే పర్సెంట్ చూసి గుండె ఆగక్కర్లేదు, అది ఎంత కలిసిందో చెప్తుంది అంతే, మీ కోట్స్, చివర్లో ఇచ్చే మీ సోర్సుల పట్టిక (వర్క్స్ సైటెడ్) కూడా అందులో కలిసి ఉండొచ్చు.

ఏఐ సంగతి వేరు. వాడొచ్చా లేదా అనేది ప్రతి ప్రొఫెసర్ సిలబస్‌లో విడివిడిగా రాస్తారు, ఒక క్లాసులో పర్లేదన్నది ఇంకో క్లాసులో హానర్ కోడ్ (కాలేజీ నిజాయితీ నియమాలు) కేసు అవుద్ది, చదవకుండా ముట్టుకోకండి. మీరు ఏమీ వాడకపోయినా కూడా ఒక జాగ్రత్త తీసుకోండి, 2023లో స్టాన్‌ఫోర్డ్ వాళ్ళు ఏడు ఏఐ డిటెక్టర్లని పరీక్షిస్తే, ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్ళు రాసిన టోఫెల్ వ్యాసాల్లో సగటున సగానికి పైగా ఏఐ రాసిందని తప్పుగా తేల్చాయి. కాబట్టి మొదట్నించీ గూగుల్ డాక్స్‌లోనే రాయండి, వెర్షన్ హిస్టరీ ఉంటుంది, నోట్స్ పారెయ్యకండి, ఎవరైనా అడిగితే ఇదిగో సోమవారం ఇలా ఉంది, గురువారం ఇలా మారింది అని చూపించొచ్చు.

గ్రామర్ అసలు వద్దా అంటే వద్దని కాదు, చివర్లో చూసుకోండి. మనకి ఎక్కువగా తేడా కొట్టేవి ఏ, ద ఎక్కడ పెట్టాలి, టెన్స్ ఒకే పేరాలో అటూ ఇటూ గెంతడం, కామాలతో మూడు వాక్యాలు అతికెయ్యడం (నేను ఇక్కడ చేస్తున్నట్టే, కానీ దీనికి గ్రేడ్ లేదు కదా). మీరు పదే పదే చేసే తప్పులు మూడో నాలుగో ఉంటాయి, వాటి లిస్ట్ రాసి పెట్టుకుని ఒక్కోసారి ఒక్కోటి కోసమే పేపర్ మొత్తం చదవండి, తర్వాత పైకి చదవండి, నాలుక తడబడిన చోట వాక్యం తేడాగా ఉన్నట్టే.

ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్ళు ఇది జాగ్రత్తగా వినండి. మొదటి పేపర్‌కి డి వచ్చిందని కోర్సు డ్రాప్ కొట్టెయ్యకండి. అండర్‌గ్రాడ్ అయితే సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు ఉండాలి, డీఎస్ఓ (కాలేజీలో వీసా వ్యవహారాలు చూసే అధికారి) ఒప్పుకోకుండా దానికన్నా తగ్గితే స్టేటస్‌కే ఎసరు. మొదట్లో ఇంగ్లీష్‌తో గానీ ఇక్కడి బోధనా పద్ధతితో గానీ నిజంగా ఇబ్బంది అయితే కోర్స్ లోడ్ తగ్గించుకోడానికి డీఎస్ఓ అనుమతి ఇవ్వొచ్చు, రూల్స్‌లోనే ఉంది, కానీ ముందు వాళ్ళని కలిసి, సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ రికార్డు) అప్‌డేట్ అయ్యాకే డ్రాప్ చెయ్యాలి. ఇంకోటి, ఆన్‌లైన్ సెక్షన్ ఈజీ అని తీసుకుంటారు, ఫుల్ లోడ్ లెక్కలోకి సెమిస్టర్‌కి ఒక్క ఆన్‌లైన్ క్లాసే, అంటే 3 క్రెడిట్లే వస్తుంది. హెచ్4 వాళ్ళకి ఈ బాధ లేదు, పార్ట్‌టైమ్‌గా ఇదొక్కటే తీసుకున్నా నడుస్తుంది. అయినా ఛాయిస్ ఉంటే అందరూ క్యాంపస్‌లోనే తీసుకోండి.

సెమిస్టర్ చివర్లో చాలా చోట్ల పోర్ట్‌ఫోలియో (మీ పేపర్లన్నీ కలిపి పెట్టిన ఫైల్), దానితోపాటు రిఫ్లెక్షన్ అడుగుతారు, రచయితగా నువ్వు ఎలా ఎదిగావో రాయి అని. మనవాళ్ళు వెంటనే "ఈ కోర్సు నాకు ఎంతో నేర్పింది, ప్రొఫెసర్‌గారికి ధన్యవాదాలు" అని వీడ్కోలు సభ ఉపన్యాసం రాస్తారు, దానికి మార్కులు పడవు. వాళ్ళకి కావాల్సింది సాక్ష్యం. సెప్టెంబర్ డ్రాఫ్ట్‌లో ఒక వాక్యం తీసి పెట్టండి, దాని మీద వచ్చిన కామెంట్ పెట్టండి, నవంబర్‌లో అదే వాక్యం ఏమైందో పెట్టండి, ఎందుకు అలా మార్చారో చెప్పండి. ఒప్పుకోని కామెంట్ ఉంటే అది కూడా రాయండి, "ఇక్కడ ప్రొఫెసర్ సలహా నేను తీసుకోలేదు, కారణం ఇది" అని, కారణం గట్టిగా ఉంటే అలా రాసినందుకు ఎవరూ ఏమీ అనుకోరు, మన పద్ధతిలో అది ఎదురు చెప్పడంలా అనిపించినా సరే. ఇదంతా డిసెంబర్‌లో రాయాలంటే పాత డ్రాఫ్ట్‌లు చేతిలో ఉండాలి, కాబట్టి పాత ఫైల్ మీదే ఓవర్‌రైట్ చెయ్యకుండా ప్రతి డ్రాఫ్ట్‌నీ తేదీతో వేరే పేరు పెట్టి ఈవారం నుంచే సేవ్ చేసుకోండి.