ఎలుకల మేత గురించి రాస్తున్న సౌమ్యకు

చి. సౌమ్యకు,

ఆశీస్సులు. నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఆఫ్రికా సవానా, అంటే అక్కడక్కడ చెట్లున్న గడ్డిమైదానం, అనగానే అందరూ సింహాలూ ఏనుగుల మీదే రాస్తుంటే నువ్వు ఎలుకల మీద రాయబూనావు. చాలా సంతోషమేసింది. కానీ "అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు ఈ జాతులు మేత పంచుకుంటాయి" అన్న వాక్యం తీసెయ్యమ్మా. అక్కడ ఒప్పందం లేదు, తీర్పు చెప్పే పెద్దమనిషీ లేడు. ఒకే గింజ ఎదురైతే రెండు జాతులూ తింటాయి. తరతరాలుగా ఏ జాతికి ఏ చోట, ఏ వేళ బతుకు సాగిందో అది అక్కడ నిలిచింది. పాఠకుడికి అందాల్సింది ఇదే.

అందుకు సిద్ధాంతాలు అక్కర్లేదు. వేళ చెప్పు, నేల చెప్పు, దాని నోట్లో ఏముందో చెప్పు.

టాంజానియాలోని సెరెంగెటీనే తీసుకో. అక్కడి ఆర్వికాంథిస్ అనే గడ్డి ఎలుక పగలు తిరుగుతుంది. దుబ్బుల అడుగున సన్నటి బాటలు చేసుకుని, వాటి వెంటే పరుగెడుతూ ఆకూ కాడా కొరుకుతుంది. అదే గడ్డిలో ఉండే మాస్టోమిస్ అనే ఎలుక మాత్రం చీకటి పడ్డాక బయటికొస్తుంది. గింజలు, గడ్డి, పురుగులు, ఏది దొరికినా వదలదు. ఆడదానికి పన్నెండు జతల దాకా చనుమొనలుంటాయి. వానలు కలిసొస్తే సంతతి ఒక్కసారిగా పెరిగి మొక్కజొన్న చేల మీద పడుతుంది. ఒకటి పగలు, ఒకటి రాత్రి అని రాసి ఊరుకున్నావు. పగలు తిరిగేదాన్ని గద్ద కనిపెడుతుంది, రాత్రి తిరిగేదాని అలికిడి గుడ్లగూబ వింటుంది. వేళతో పాటు శత్రువూ మారతాడన్నది కూడా రాయి.

కెన్యాలోని లైకిపియా భాగం మరీ పలచగా ఉంది. అక్కడ చాలా మేర మనకు బాగా తెలిసిన నల్లరేగడే. ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బి జిగటవుతుంది. దాని మీద తుమ్మజాతి ముళ్లచెట్లు. ఆ నేలలో సాకోస్టోమస్ అనే ఎలుక రాత్రిళ్లు గింజలేరి, బుగ్గల్లోని సంచులు ఉబ్బేదాకా కుక్కుకుని కలుగులోకి చేరవేస్తుంది. రాతిగుట్టల్లో ఉండేది వేరు, అకోమిస్, ముళ్లలాంటి వెంట్రుకలది. పట్టుకుంటే దాని చర్మం ఊడి చేతికొస్తుందనీ, గాయం మీద మళ్లీ వెంట్రుకలతో సహా చర్మం పెరుగుతుందనీ 2012లో బయటపడింది. ఎంత ముచ్చటగా ఉన్నా ఆ సంగతి ఈ వ్యాసంలోకి తేకు, మేత కథ పక్కదారి పడుతుంది. దాచుకో, దాని మీద విడిగా రాయొచ్చు.

నీ వ్యాసంలో అన్నిటికన్నా పెద్ద లోటు, జీబ్రా లేకపోవడం. 1995లో పర్యావరణ శాస్త్రవేత్త ట్రూమన్ యంగ్, ఆయన సహచరులు లైకిపియాలోని ఎంపాలా పరిశోధన కేంద్రంలో నాలుగేసి హెక్టార్ల మడులకు కంచెలు వేయించారు. కొన్నిట్లోకి జీబ్రాతో సహా ఏ పెద్ద జంతువూ పోలేదు. ఆ మడుల్లో సాకోస్టోమస్ దాదాపు రెట్టింపైందని ఫెలీషియా కీసింగ్ అనే శాస్త్రవేత్త లెక్కతేల్చారు. అంటే ఎలుకకు గట్టి పోటీ పక్క కలుగు నుంచే రానక్కర్లేదు, మూడు వందల కిలోల గిట్టల జంతువు నుంచీ వస్తుంది. కథ అక్కడితో ఆగలేదు. ఎలుకలు పెరిగిన చోట తుమ్మ మొలకలు ఎక్కువగా వాటి పాలయ్యాయి, ఎలుకల్ని తినే పాములూ ఎక్కువగా కనిపించాయి. జాతుల మధ్య పంపకం గురించి చెప్పేటప్పుడు ఈ కంచె లోపలా బయటా తేడా చూపిస్తే, నువ్వు పేజీ నిండా వివరించినది పాఠకుడికి నాలుగు వాక్యాల్లో అర్థమవుతుంది.

"రాత్రి కలుగులో ఏం తిందో మీకెలా తెలుసు?" అని చదివేవాళ్లు తప్పకుండా అడుగుతారు. జవాబు ముందే పెట్టు. ఉష్ణమండల సవానా గడ్డి చాలావరకు జొన్న, మొక్కజొన్నల పద్ధతిలోనే ఎండ నుంచి ఆహారం చేసుకుంటుంది. చెట్లూ పొదలదీ మరో పద్ధతి. అందువల్ల రెండింటిలో కార్బన్-13 అనే కాస్త బరువైన రకం కార్బన్ వాటా వేరుగా ఉంటుంది. తిన్నదాన్ని బట్టి ఆ తేడా ఎలుక వెంట్రుకలోకీ చేరుతుంది. కాస్త బొచ్చు కత్తిరిస్తే చాలు, అది గడ్డి మీద బతికిందో చెట్టు గింజల మీద బతికిందో తెలుస్తుంది. పురుగుల్ని తిన్నప్పుడు మాత్రం లెక్క చిక్కుపడుతుంది, ఎందుకంటే ఆ పురుగు తిన్న మొక్క గుర్తు కూడా అందులో కలుస్తుంది. ఆ చిక్కునీ దాచకుండా రాయి.

ముందు లైకిపియా భాగం తిరగరాసి పంపు. సెరెంగెటీ సంగతి తర్వాత చూద్దాం.

నీ మేలు కోరే
పెద్దమ్మ