ఆఫర్ జీన్స్ అసలు ఖరీదు

ప్రశ్న: ఏటా మూడు నాలుగు జీన్స్ కొంటాను, ఎక్కువగా ఆఫర్లలోనే. అయినా ఒంటికి సరిగ్గా కుదిరేది ఒక్కటే. దాన్నే తిప్పి తిప్పి వేసుకుంటున్నాను. ఈసారి ఖరీదైన బ్రాండ్‌ది ఒకటి వాయిదాల మీద తీసుకోవచ్చా?

జవాబు: వాయిదాలు వద్దండీ. వడ్డీ లేదన్న చోట కూడా ప్రాసెసింగ్ ఫీజు ఉండొచ్చు, ఒక్క నెల తప్పితే జరిమానా పడొచ్చు. ఖరీదైనది కొనడంలో మాత్రం తప్పేమీ లేదు.

ఒక్కో జీన్స్ ధరని, దాన్ని ఎన్నిసార్లు వేసుకున్నారో ఆ సంఖ్యతో భాగించి చూడండి. సగం ధరకి దొరికిందని కొన్నది నాలుగుసార్లు వేసుకుని, పూర్తి ధర పెట్టింది వందసార్లు వేసుకున్నారనుకోండి. వాడకం లెక్కన ఆ ఆఫర్ సరుకే పన్నెండున్నర రెట్లు ఖరీదు! ఏటా ఆ మూడు నాలుగింటికి పెడుతున్న మొత్తాన్ని కూడి, అందులోనే రెండు మంచివి వచ్చేలా చూసుకోండి. దాన్ని పన్నెండు భాగాలు చేసి నెలనెలా పక్కన పెడితే వాయిదాల అవసరమే రాదు.

ఇక కుదరడం సంగతి. లేబుల్ మీది నడుము నంబర్‌ని నమ్మకండి, ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. ఇంట్లో మీకు బాగా కుదిరిన జీన్స్‌ని నేల మీద పరిచి నడుము, తొడ, కాలి లోపలి పొడవు టేపుతో కొలిచి ఫోన్‌లో రాసుకోండి. నడుము పట్టీ నుంచి కాళ్లు కలిసే కుట్టు దాకా ఉండే ఎత్తుని రైజ్ అంటారు, అదీ కొలవండి. చాలామంది నడుము చూసి కొంటారు. నేనైతే తొడలు, పిరుదుల దగ్గర కుదిరిందా అనే చూస్తాను. ఎందుకంటే నడుము కాస్త వదులైతే టైలర్ బిగిస్తాడు, పొడవు ఎక్కువైతే మడిచి కుడతాడు. రైజ్ తక్కువైతే, తొడ బిగుతైతే అతనైనా చేయగలిగింది తక్కువే. ట్రయల్ రూమ్‌లో అద్దం ముందు నిలబడితే చాలదు, కూర్చోండి, గొంతుక్కూర్చోండి. టైలర్ కూలీని కూడా ధరలో కలుపుకోండి.

బట్టలో ఎలాస్టేన్, అంటే సాగే దారం, ఒకటి రెండు శాతం ఉంటే సౌకర్యమే. బాగా ఎక్కువైతే మోకాళ్ల దగ్గర త్వరగా సాగి వదులవుతుంది. పూర్తి కాటన్ అయితే మొదటి ఉతుకుల్లో కాస్త కుంచించుకోవచ్చు. ఏదైనా తిరగేసి, చల్లటి నీళ్లలో ఉతకండి. ప్రతిసారీ ఉతకాల్సిన పని లేదు.

కొత్తది కొనేముందు బీరువాలో వాడకుండా పడి ఉన్నవి బయటికి తీయండి. నడుము వదులో, పొడవు ఎక్కువో అయినవి టైలర్ దగ్గరికి వెళ్లాలి. వాటిలో ఒకటి కుదిరినా ఈ ఏడాది మీరు కొనాల్సింది ఒక్కటే.